పంట ఎంత నీరు తాగింది? ఉపగ్రహం చెబుతుంది
చెమట ఆరితే మన ఒళ్లు చల్లబడినట్లే, ఆకులు నీటిని ఆవిరిగా వదిలితే పంట చల్లబడుతుంది. నీరందని చేను వేడెక్కుతుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల్లోని ఉష్ణ సెన్సర్లు ఈ తేడాను పసిగడతాయి. చేను గ్రహించిన శక్తిలోంచి నేలను, గాలిని వేడిచేసిన భాగాన్ని తీసివేస్తే, మిగిలినది నీటిని ఆవిరి చేసిన శక్తి. దాన్నిబట్టి పంట వాడుకున్న నీటిని లెక్కగడతారు.

1982లో ప్రయోగించిన ల్యాండ్‌శాట్-4 నాటి నుంచి ఇలాంటి చిత్రాలు ఉన్నాయి. 2008 నుంచి అవి ఉచితం కావడంతో దశాబ్దాల నీటి వాడకాన్ని అంచనా వేయడం సులువైంది. మబ్బులు కమ్మిన రోజున మాత్రం చేను కనిపించదు.

మన దేశంలో చాలా బోరుబావులకు మీటర్లు లేవు. పైగా తోడిన నీటిలో కొంత మళ్లీ భూమిలోకి ఇంకుతుంది. ఆవిరైన నీరు మాత్రం ఆ బోరుకు తిరిగి చేరదు. భూగర్భజలాలను కాపాడుకోవాలంటే ముందుగా తేలాల్సింది ఆ లెక్కే.