బంజరు అని రాసినంత మాత్రాన బంజరు కాదు: సోలార్ పార్కులు, బట్టమేక పిట్ట

సోలార్ పంపు వీడియో చూశాక చాలామంది రైతులు నన్ను ఒకటే అడుగుతున్నారు. "సోలార్ మంచిదంటారు, మళ్లీ సోలార్ వల్ల పిట్టలు పోతున్నాయంటారు. ఏది నిజం?" అని. రెండూ నిజమే. నా బోరు మీద సోలార్ పంపే నడుస్తోంది, దాన్ని తీసే ఉద్దేశం లేదు. కానీ పొలంలో పెట్టుకునే పది పలకలు వేరు, వేల ఎకరాల పార్కు వేరు.

మా ఉమ్మడి కర్నూలు జిల్లా సంగతే తీసుకుందాం. ఇక్కడ రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి చాలా తక్కువ. చెట్టెక్కదు, గూడు కట్టదు. గడ్డి మధ్య నేల మీదే, మామూలుగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. మిడతలు, పేడపురుగులు, చిన్న బల్లులు, వేరుశనగ కాయలు తింటుంది. అంటే మన పొలాలకు పాత నేస్తమే. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయని అంచనా, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపే.

రోళ్లపాడులో ఈ పిట్ట పోవడానికి సోలార్ కారణం అంటే నేను ఒప్పుకోను. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు 2017లో వచ్చింది. దాదాపు 5,900 ఎకరాలు. అప్పటికే ఇక్కడ పిట్ట దాదాపు కనుమరుగైంది. సాగునీరు వచ్చి, జొన్న, కొర్ర వేసే చోట పత్తి ఎక్కింది, మందులు పెరిగాయి, పచ్చిక చుట్టూ పొలాలు కమ్ముకున్నాయి. కృష్ణజింకలు పెరిగి పంట మేస్తుంటే రైతుకు, అడవి శాఖకు మధ్య గొడవలు. ఇది మన వ్యవసాయం చేసిన పని కూడా.

రాజస్థాన్‌లో మాత్రం సోలార్, గాలిమరలు సూటిగా ముడిపడి ఉన్నాయి. అసలు చంపేది పలక కాదు, తీగ. ఎడారిలో తయారైన కరెంటు ఊళ్లకు రావాలంటే హైటెన్షన్ లైన్లు లాగాలి. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా కనిపించే మేర సన్నం. ఎగురుతూ కింద మేత కోసం తల వంచితే ముందున్నది కనబడదు. దగ్గరికొచ్చాక తీగ కనబడినా, అంత బరువుతో టక్కున పక్కకు తిరగలేదు. థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల మేర అన్ని జాతులూ కలిపి ఏటా దాదాపు 84,000 పక్షులు లైన్ల వల్ల చస్తున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట ఈ లెక్కకు తట్టుకోదు.

అందుకే 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతాల్లో లైన్లు భూమిలోంచి వేయమంది. కంపెనీలు, కేంద్రం ఖర్చు ఎక్కువ, సాంకేతికంగా కష్టం అన్నాయి. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి, ఎక్కడ ఏది సాధ్యమో తేల్చమని నిపుణుల కమిటీకి అప్పజెప్పింది. తీగలకు రంగు బిళ్లలు కట్టడం కొంత పనిచేస్తుంది గానీ పూర్తిగా కాదు. జైసల్మేర్‌లో గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు, సంతోషమే. పెంచిన పిల్లను వదలడానికి తీగలు లేని గడ్డినేల ఉండాలి కదా!

పలకల కింద జరిగేది కూడా చూడండి. నేల చదును చేస్తారు, తుప్పలు పీకేస్తారు, కంచె వేస్తారు. తోడేలు, నక్క, జింక తిరిగే దారి తెగుతుంది. ఇదంతా రెవెన్యూ రికార్డులో "బంజరు" అనే ఒక్క మాట మీద నడుస్తుంది. గొర్రెల కాపరిని అడగండి, ఆ బంజరులో ఏ నెలలో ఏ గడ్డి మొలుస్తుందో చెప్తాడు. డిప్లొమాలో మాకు వరి తెగుళ్లు నేర్పారు గానీ, మేతనేల కూడా ఒక పంటేనని ఎవరూ చెప్పలేదు.

మరి పలకలు ఎక్కడ పెట్టాలి? రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీదే 100 మెగావాట్లు పెట్టింది. గుజరాత్‌లో కాలువ మీద పెట్టి చూపించారు. ఇళ్ల కప్పులు, గోదాముల కప్పులు ఎన్ని ఖాళీగా లేవు?

మీ భూమి లీజుకు అడిగితే ఎకరాకు ఎంత అని మాత్రమే బేరం ఆడకండి. లైను ఎటు పోతుంది, గడ్డి ఉంచుతారా పీకుతారా, పలకల కింద గొర్రెలు మేపనిస్తారా, కంచె కింద చిన్న జంతువులు దూరే సందు వదులుతారా, గడువు అయ్యాక పునాదులు ఎవరు తీస్తారు? ఇవన్నీ ఒప్పంద కాగితంలో రాయించుకోండి. నోటిమాట మీద సంతకం పెట్టొద్దు.