పంచాయతి కంప్యూటరుకు తాళము పడినప్పుడు

గ్రామ పంచాయతి దస్త్రములు ఒకప్పుడు బీరువాలో నుండెడివి. ఆ బీరువా తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదో ఊరివారందరికిని తెలిసియుండెడిది. చెవి పోయినచో పదిమంది పెద్దల యెదుట తాళము పగులగొట్టించి, కొత్త తాళము వేయించుటతో పని ముగిసెడిది. నేడు ఆ దస్త్రములలో పెక్కు కంప్యూటరులోనికి చేరినవి. దాని తాళపుచెవి ఇనుముతో చేసినది కాదు. అది ఒక ఉద్యోగి జ్ఞాపకమందుండు కొన్ని అక్షరములు, అంకెలు మాత్రమే. దానినే పాస్‌వర్డు అనుచున్నాము. అది మరపునకు వచ్చినను, తెలిసిన ఉద్యోగి బదిలీయై వెళ్ళినను, కార్యాలయపు పనులు నిలిచిపోవును. అట్టి సమయమున చేయదగినదేమి, చేయరానిదేమి, అట్టి స్థితి రాకుండ ముందుగా తీసికొనవలసిన జాగ్రత్తలేమి అను విషయములను పంచాయతి సభ్యులకు వివరింపదలచితిమి.

చిక్కు ఎట్టిది?

చిల్లకల్లును ఉదాహరణముగా తీసికొందము. జగ్గయ్యపేట మండలములో, హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీదనున్న ఈ గ్రామము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడువరకు కృష్ణా జిల్లాలో నుండెను. ఇట్టి గ్రామమున పాత ఉద్యోగి బదిలీయై వెళ్ళి, కొత్తవారు వచ్చి కంప్యూటరు ముందు కూర్చుండిరనుకొందము. పాస్‌వర్డు వ్రాసిన కాగితము లేదు. పాత ఉద్యోగి ఫోను అందుట లేదు. ఇది జరిగిన కథ కాదు. కాని నందిగామ ప్రాంతమునందే కాదు, రాష్ట్రమున ఏ గ్రామమునందైనను జరుగుటకు వీలున్నది.

ఇందువలన నష్టపడువారు ఉద్యోగులు కారు, ప్రజలు. బిడ్డ పుట్టిన 21 దినములలోపల జననము నమోదు కావలెనని చట్టము చెప్పుచున్నది. గడువు దాటినచో ఆలస్య రుసుము చెల్లింపవలెను. 30 దినములు దాటినచో అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన చట్ట సవరణ ననుసరించి, ఆ తేదీ తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరుట మొదలు అనేక కార్యములకు జనన ధ్రువపత్రమే ఆధారము. ఇంటిపన్ను రసీదులు, నీటి పథకపు లెక్కలు, ఆర్థిక సంఘము నిధుల చెల్లింపులు కూడ ఇట్లే కంప్యూటరుతో ముడిపడియున్నవి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయముల వ్యవస్థ ప్రారంభమైన పిమ్మట ఈ ముడి మరింత బిగిసినది. కావున ఇది యంత్రమునకు సంబంధించిన చిన్న సంగతియని సభ్యులు ఉపేక్షింపరాదు.

మరచిన పదమును యంత్రము ఏల చెప్పదు?

“కంప్యూటరునకు పాస్‌వర్డు తెలియును గదా, దానినే అడిగి తెలిసికొనరాదా?” యని కొందరు ప్రశ్నింతురు. దీనికి సమాధానము కంప్యూటర్ల చరిత్రలోనే యున్నది. 1960 దశకపు తొలినాళ్ళలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే పెద్ద యంత్రమును అనేకులు వాడుకొనుటకై ఫెర్నాండో కోర్బటో బృందము ఒక ఏర్పాటు చేసినది. ఎవరి దస్త్రములు వారికి ప్రత్యేకముగా నుండుటకై అందు పాస్‌వర్డులను ప్రవేశపెట్టిరి. ఆ పదములన్నియు ఒక జాబితాగా యంత్రమునందే భద్రపరుపబడెడివి. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన సమయము చాలక, ఆ జాబితానే అచ్చు తీయించుకొని ఇతరుల పేర యంత్రమును వాడుకొనెను. పదములను ఉన్నవి ఉన్నట్లుగా దాచుటలోని ప్రమాదము ఇట్టిది.

పిమ్మట వేరొక పద్ధతి వాడుకలోనికి వచ్చినది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ అను శాస్త్రజ్ఞులు దానిని వివరించుచు ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించిరి. ఆ పద్ధతిలో యంత్రము పాస్‌వర్డును దాచదు. దానిని ఒక గణితవిధానముచే మార్చి, మారిన రూపమును మాత్రమే దాచును. మన ప్రాంతపు రైతులకు మిరప పంట తెలిసినదే. కాయలను దంచి కారము చేయవచ్చును. కారము నుండి తిరిగి కాయలను చేయుట సాధ్యము కాదు. ఇదియు అట్టిదే. మనము కొట్టిన పదమును యంత్రము మరల అదే విధముగా మార్చి, ఆ ఫలితము తాను దాచినదానితో సరిపోయినచో తలుపు తెరచును. కావున పోయిన పదమును తిరిగి రాబట్టుట సాధారణముగా కుదరదు. దాని స్థానమున కొత్త పదమును నెలకొల్పుటయే మార్గము. ఈ ఒక్క సంగతి గ్రహించినచో తక్కిన విషయములు సులభముగా బోధపడును.

తాళములు మూడు

ముందుగా ఏ తాళము పడినదో తెలిసికొనవలెను. మొదటిది కంప్యూటరు తాళము. యంత్రమును వెలిగింపగనే అడుగు పాస్‌వర్డు ఇది. రెండవది ప్రభుత్వ వెబ్‌సైటు తాళము. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్ వంటివానిలోనికి ప్రవేశించుటకు వాడు పేరు, పాస్‌వర్డు ఇందులోనివి. మూడవది డిజిటల్ సంతకపు టోకెనునకు గల పిన్ సంఖ్య. ఈ మూడింటికి వైద్యములు వేరు. కంప్యూటరు తెరచుకొనకున్నను వెబ్‌సైటులోని లెక్కలకు హాని లేదు. అవి ప్రభుత్వ సర్వర్లలో నుండును. అత్యవసరమైనచో అనుమతి పొంది మరియొక కార్యాలయపు కంప్యూటరు నుండి పని నడుపవచ్చును. జనన నమోదు వంటి గడువుగల పనులను ఈ విధముగా ఆపకుండ చూచుకొనవలెను.

కంప్యూటరు తాళమునకు చేయవలసినది

తొందరపడక, మొదట సామాన్యమైన కారణములను పరిశీలింపవలెను. పెద్ద అక్షరముల మీట నొక్కబడి యున్నదా? అంకెల మీట ఆగియున్నదా? తెలుగు టైపు చేయు కార్యాలయములందు కీబోర్డు తెలుగునకు మారియుండుటయు కలదు; అప్పుడు కొట్టిన ఇంగ్లీషు పదము వేరొకటిగా చేరును. తెర మూలనున్న భాష గుర్తును చూచి దీనిని సవరింపవచ్చును. ఊహించిన పదములను వరుసగా కొట్టుచు పోరాదు. ఇటీవల విండోస్ 11 స్థాపించిన యంత్రములలో పదిమార్లు తప్పు కొట్టినచో పది నిమిషముల వరకు ప్రవేశము నిలుపబడును. అప్పుడు ఓపికతో ఆగవలెనే గాని యంత్రము చెడినదని భ్రమింపరాదు.

ఇవన్నియు చూచిన పిమ్మటను తలుపు తెరచుకొననిచో ఈ క్రింది మార్గములు కలవు.

ఒకటి: అదే కంప్యూటరులో అడ్మినిస్ట్రేటరు అధికారము గల మరియొక ఖాతా యున్నచో, ఆ ఖాతాతో ప్రవేశించి, మరచిన ఖాతాకు కొత్త పాస్‌వర్డు నీయవచ్చును. ఇది సులభమైన మార్గము. అయితే ఇట్లు చేసినప్పుడు ఆ ఖాతాలో విండోస్ రహస్యలిపిలో భద్రపరచిన ఫైళ్ళు, గుర్తుంచుకొన్న ఇతర పాస్‌వర్డులు అందకుండ పోవచ్చును. సామాన్యమైన ఫైళ్ళకు భయము లేదు.

రెండు: విండోస్‌లో ఆ యంత్రమునకే పరిమితమైన ఖాతా యైనచో, తప్పు పదము కొట్టిన వెంటనే దాని క్రింద పాస్‌వర్డు మార్చు అవకాశము కనుపించును. ఖాతా తెరచినప్పుడు ఇచ్చిన మూడు భద్రతా ప్రశ్నలకు సరియైన జవాబులిచ్చినచో కొత్త పదము పెట్టుకొనవచ్చును. ముందే పెన్‌డ్రైవులో పాస్‌వర్డు మార్పు డిస్కు తయారుచేసి యుంచినవారికి అదియు ఉపకరించును.

మూడు: మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించు యంత్రమైనచో, వేరొక కంప్యూటరు నుండిగాని ఫోను నుండిగాని ఆ సంస్థ వెబ్‌సైటులో పాస్‌వర్డు మార్చుకొనవలెను. గుర్తింపు సంఖ్య ఖాతాకు జతచేసిన ఫోనుకుగాని ఈ-మెయిలుకుగాని వచ్చును. ఆ ఫోను బదిలీయైన ఉద్యోగి సొంతదైనచో చిక్కు వచ్చును. ఉన్న వివరములన్నింటిని తొలగించి కొత్తవి పెట్టుకొనదలచినచో 30 దినములు వేచియుండవలసి వచ్చును. ఉద్యోగి సొంత ఖాతాతో కార్యాలయపు యంత్రమును నడుపుట మంచిది కాదనుటకు ఇదియే కారణము.

నాలుగు: లినక్స్ తో నడచు యంత్రములలో, తెలిసిన సాంకేతిక నిపుణుడు పునరుద్ధరణ పద్ధతిలో యంత్రమును వెలిగించి కొత్త పాస్‌వర్డు నీయగలడు.

చేయరాని పని

ఇవి తెలియక కొందరు యంత్రమును బజారులోని మరమ్మతు దుకాణమునకు పంపుదురు. అక్కడ “ఫార్మాట్ చేసి ఇచ్చెదము” అన్నచో వెంటనే ఒప్పుకొనరాదు. ఫార్మాట్ చేయుటయనగా తాళము తీయుట కాదు. గదిలోని సామానంతయు పారవేసి గదిని ఖాళీ చేయుట. ఏండ్ల తరబడి కూడిన పన్నుల జాబితాలు, తీర్మానముల ప్రతులు, ఫొటోలు పోవును.

డిస్కు రహస్యలిపిలో లేనిచో, నిపుణుడు దానిని ఊడదీసి మరియొక యంత్రమునకు తగిలించి ఫైళ్ళన్నింటిని నకలు తీయగలడు. ముందు నకలు, పిమ్మటనే ఏ మరమ్మతైనను. ఇందు మరొక సంగతి కూడ ఇమిడియున్నది. నిపుణుడు చేయగల పనిని దొంగయు చేయగలడు; కావున పాస్‌వర్డు ఉన్నంత మాత్రమున ఫైళ్ళు భద్రమని తలంపరాదు. ఇందుకే కొత్త యంత్రములలో అనేకము డిస్కు మొత్తమును బిట్‌లాకర్ అను ఏర్పాటుతో రహస్యలిపిలో నుంచుచున్నవి. అట్టి యంత్రమునకు 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య యొకటి యుండును. యంత్రము దానిని అడిగినప్పుడు ఆ సంఖ్య లేనిచో తయారుచేసిన సంస్థ కూడ ఏమియు చేయజాలదు. ఆ సంఖ్యను పంచాయతి భూమి పత్రములంత జాగ్రత్తగా దాచవలెను.

యంత్రము పంచాయతిదే యైనను, అధికారము లేనివానిచే దానిని తెరిపించుట తగదు. అనుమతి లేక ఇతరుల కంప్యూటరులోనికి ప్రవేశించుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము. కార్యదర్శి మండల కార్యాలయమునకు వ్రాసి, అనుమతితో, సాక్షుల యెదుట పని చేయించుట అందరికిని క్షేమము. “పాస్‌వర్డు మార్చెదము, మీ ఫోనుకు వచ్చిన సంఖ్య చెప్పుడు” అని ఎవరైన ఫోను చేసినచో చెప్పరాదు. మోసపోయి డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను.

వెబ్‌సైటు, సంతకపు టోకెను

వెబ్‌సైటు పాస్‌వర్డు మరచినచో, నమోదైన ఫోనునకుగాని ఈ-మెయిలునకుగాని వచ్చు సందేశముతో మార్చుకొనవచ్చును. లేదా మండల, జిల్లా స్థాయి అధికారులచే మార్పించుకొనవచ్చును. టోకెను సంగతి కఠినమైనది. పిన్ సంఖ్యను పలుమార్లు తప్పు కొట్టినచో టోకెను మూసుకొనిపోవును. అందులోని రహస్య సంఖ్యను బయటికి తీయుట వీలుకాదు. తెరచుటకు వీలు లేనిచో కొత్త ధ్రువపత్రము పొందవలసినదే.

సర్పంచులకు ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. టోకెనును, పిన్ సంఖ్యను ఇతరుల చేతికిచ్చుట ఖాళీ చెక్కుల మీద సంతకము చేసి యిచ్చుటయే. నిధుల చెల్లింపునకు ఇద్దరి సంతకములు కావలెనను నియమము ఖజానా గదికి రెండు తాళములు వేయుట వంటిది. రెండు చెవులును ఒకరి యొద్దనే యున్నచో రెండవ తాళమునకు అర్థమే లేదు.

పంచాయతి చేయదగిన తీర్మానము

చిక్కు వచ్చిన పిదప తీర్చుకొనుటకంటె రాకుండ చూచుకొనుట తేలిక. రానున్న సమావేశమున సభ్యులు ఈ క్రింది విషయములను చర్చించి తీర్మానించుట మేలు.

ప్రతి కార్యాలయపు కంప్యూటరులోను నిత్యము వాడు ఖాతా గాక, అడ్మినిస్ట్రేటరు ఖాతా మరియొకటి యుండవలెను. ఆ రెండవ ఖాతా పాస్‌వర్డును, బిట్‌లాకర్ సంఖ్యను కాగితము మీద వ్రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, కార్యదర్శి, సర్పంచు సంతకములతో బీరువాలో నుంచవలెను. కవరు తెరచినప్పుడెల్ల తేదీ, కారణము రిజిస్టరులో వ్రాయవలెను. వెబ్‌సైటు పాస్‌వర్డులు, టోకెను పిన్ సంఖ్యలు మాత్రము ఈ కవరులో నుంచరాదు. అవి ఆయా వ్యక్తులకే చెందినవి.

ఉద్యోగి బదిలీయైనప్పుడు అప్పగింత జాబితాలో బల్లలు, కుర్చీలతో పాటు కంప్యూటరు ఖాతాలను కూడ చేర్చవలెను. కొత్తవారు ఎదుటనే ప్రవేశించి చూచి, పాస్‌వర్డు మార్చుకొనిన పిమ్మటనే అప్పగింత పూర్తియైనట్లు సంతకము చేయవలెను. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినప్పుడు గ్రామ దస్త్రములు చేతులు మారినవి. ఆనాటి దస్త్రములు కంటికి కనుపించునవి. లెక్కపెట్టి తీసికొనుటకు వీలుండెను. నేటి దస్త్రములు కనుపించవు గనుక జాగ్రత్త మరింత అవసరము.

ఊరి పేరు, పుట్టిన తేదీ, ఇంటివారి పేర్లు పాస్‌వర్డుగా పెట్టరాదు. ఒకదానితో ఒకటి సంబంధము లేని నాలుగైదు మాటలను కలిపిన పొడవైన పదము గుర్తుంచుకొనుటకు సులభము, ఇతరులు ఊహించుటకు కష్టము. నెలకొకసారి మార్చుమని నిర్బంధించుట వలన జనులు మరచుటయే ఎక్కువగును. ఇట్టి నిర్బంధము వలదని అమెరికా ప్రమాణముల సంస్థ 2017లో సూచించినది. మనిషి మారినప్పుడు, రహస్యము బయటపడినదను అనుమానము కలిగినప్పుడు తప్పక మార్చవలెను. వారమునకొకసారి ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక డిస్కులో నకలు తీసి, ఆ డిస్కును వేరుచోట భద్రపరుపవలెను. మున్నేరు, కృష్ణ పొంగు ప్రాంతమున ఈ నకలు వరద సమయమునను అక్కరకు వచ్చును.

కంప్యూటరు మీటలు నొక్కుట రానివారు కూడ ఈ యేర్పాటులన్నింటిని జరిపింపగలరు. కవరు బీరువాలో నున్నదా, అప్పగింత జాబితాలో ఖాతాలు చేరినవా, నకలు తీసిన తేదీ ఏది అని సమావేశమున అడుగుటకు సాంకేతిక విద్య అవసరము లేదు. గ్రామ దస్త్రములు ఏ ఒక్కరి జ్ఞాపకశక్తి మీదను ఆధారపడక ఊరికి ఉమ్మడి సొత్తుగా నిలుచునట్లు చూచుట పంచాయతి సభ్యుల విధి.