కొండ సైకిలు: తగ్గిన బరువు ఎక్కడి నుండి తగ్గింది?

సైకిలు దుకాణంలో అడుగుపెట్టిన పిల్లవాడు మొదట చేసే పని, తనకు నచ్చిన సైకిలును ఒంటిచేత్తో పైకి ఎత్తి చూడడం. తేలికగా లేచినది మేలైనదని, లేవనిది నాసిరకమని అతని తీర్పు. వెనుక నిలుచున్న తండ్రి పరీక్ష వేరు. ఆయన సీటు మీద అరచేయి ఆనించి బలంగా నొక్కి, ఫ్రేమును వేళ్లతో తట్టి, "ఇది ఎన్నాళ్లు వస్తుంది?" అని అడుగుతాడు. రెండు పరీక్షలూ న్యాయమైనవే. అయితే ఒకదానిలో నెగ్గిన సైకిలు రెండవదానిలో తరచు వెనుకబడుతుంది. లావు టైర్లు, గేర్లు గల మౌంటెన్ బైకు, అనగా కొండ సైకిలు విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కొండ ఎక్కడానికి తేలికదనం కావాలి. అదే కొండ దిగడానికి గట్టిదనం కావాలి.

నిజానికి ఈ సైకిలు పుట్టినది దిగుడు కోసమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ కౌంటీ అనే కొండ ప్రాంతం ఉంది. 1970 దశకంలో అక్కడి యువకులు 1930, 40 ప్రాంతాల నాటి పాత ష్విన్ సైకిళ్లను వెదికి తెచ్చి, కొండ మీది మట్టిదారుల వెంట కిందికి పరుగెత్తించేవారు. 1976 అక్టోబరులో వారు మొదలుపెట్టిన పందేనికి 'రీప్యాక్' అని పేరు. పెడలును వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ సైకిళ్లకు ఉండేది. ఒక్కసారి కొండ దిగేసరికి ఆ బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు పొగలై పోయేది. మళ్లీ గ్రీజు నింపితే గాని రెండవసారి దిగడం సాధ్యం కాదు. ఆ 'మళ్లీ నింపడమే' పందెం పేరయింది.

ఆ పాత సైకిళ్లు 20 కిలోలకు పైబడినవి. మన ఊళ్లలో పాలక్యాన్లు, కొబ్బరిబోండాలు మోసిన నల్ల సైకిలు కూడా దాదాపు ఆ తూకమే. వెనుక చక్రం బరువు మోయవలసినది గనుక దానికి 40 స్పోకులు, ముందు చక్రానికి 32 ఉండడం ఆ నల్ల సైకిలులో చూస్తాము. మన్నికను ముందుచూపుతో లెక్కకట్టిన పద్ధతి అది. మారిన్ యువకులలో ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండదారి కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు నిర్మించాడు. క్రోమియం, మాలిబ్డినం కలిపిన మేలురకం ఉక్కు గొట్టాలు వాడి, బరువును సుమారు 17 కిలోలకు దించాడు. అయినా ఫ్రేము ఊగకుండా ఉండేందుకు హ్యాండిలు దగ్గర నుండి వెనుక చక్రం దాకా అదనంగా రెండు సన్నని గొట్టాలు జోడించక తప్పలేదు. 1981లో స్టంప్‌జంపర్ అనే నమూనా కర్మాగారంలో తయారై దుకాణాలకు వచ్చిన తరువాత, బరువు తగ్గించడమే ఈ రంగంలో ప్రధాన పోటీ అయింది.

ఒక కిలో తగ్గితే కలిగే మేలు ఎంత? 60 కిలోల మనిషి 15 కిలోల సైకిలు మీద కొండ ఎక్కుతున్నాడనుకుందాము. కాళ్లు పైకి చేరవేయవలసిన మొత్తం 75 కిలోలు. సైకిలు ఒక కిలో తగ్గితే అది 74 అవుతుంది. తగ్గినది వందకు ఒకటిన్నర కంటే తక్కువ. అరగంట పట్టే ఎక్కుడులో ఆదా అయ్యేది సుమారు 24 సెకన్లు. చిక్కబళ్లాపురం వైపు పాఠకులు, ఆదివారం తెల్లవారుజామున బెంగుళూరు నుండి వచ్చి నందికొండ ఎక్కే సైకిలు యాత్రికులను చూసే ఉంటారు. వారు తొక్కేది తారుదారి మీదనే అయినా, ఈ 24 సెకన్ల లెక్క వారికీ వర్తిస్తుంది. పందెగానికి ఆ 24 సెకన్లు ప్రాణం. బడికి, పొలానికి వెళ్లేవానికి అవి ఒక గుటక మంచినీళ్లు తాగే వ్యవధి. లీటరు నీళ్ల సీసా ఒక కిలో తూగుతుందన్నది కూడా గుర్తుంచుకోదగినదే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. బరువు తగ్గించాలంటే ఎక్కడో పదార్థాన్ని తీసివేయాలి. ఉక్కు సాంద్రత నీటికి సుమారు 7.8 రెట్లు, అల్యూమినియం 2.7 రెట్లు. అల్యూమినియం మూడింట ఒక వంతే తూగుతుంది గనుక ఫ్రేము కూడా మూడో వంతు బరువే ఉంటుందని కొందరు భావిస్తారు. అది సరి కాదు. వంగకుండా నిలిచే గుణంలోనూ అల్యూమినియం ఉక్కులో మూడింట ఒక వంతే. అంటే లోహం మారినంత మాత్రాన లాభమేమీ లేదు. లాభం వచ్చేది గొట్టం ఆకారం నుండి. వెదురు బోలుగా ఉండి కూడా పందిరి మోస్తుంది కదా, కిటుకు అదే. గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేసి, గోడ మందాన్ని సగం చేస్తే తూకం మారదు, కాని వంగడాన్ని ఎదిరించే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఉక్కు గొట్టానికి ఈ పని చేయబోతే గోడ మరీ పలుచనై, రాయి తగిలిన చోట రేకుడబ్బా వలె సొట్టపడుతుంది. అదే తూకానికి అల్యూమినియం గోడ మూడు రెట్లు మందం గనుక వ్యాసం పెంచడానికి వీలుంటుంది. అల్యూమినియం సైకిళ్ల గొట్టాలు లావుగా కనిపించడానికి కారణమిదే.

అల్యూమినియంతో వచ్చే చిక్కు మరొకటి ఉంది, అది అలసట. కట్టుతీగను అటూ ఇటూ పదేపదే వంచితే ఒక దశలో పుటుక్కున తెగుతుంది. ఒక్కసారి వంచితే తెగనిది వందసార్లు వంచితే తెగడమే లోహపు అలసట. ఉక్కుకు ఈ విషయంలో ఒక హద్దు ఉంది. దానిలోపు ఒత్తిడి ఎన్ని లక్షల సార్లు పడినా అది విరగదు. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు. ప్రతి గుంత, ప్రతి తొక్కుడు దాని ఖాతాలో ఎంతో కొంత ఖర్చు రాస్తూనే ఉంటాయి. కావున తెలిసిన తయారీదారు అల్యూమినియం ఫ్రేమును అవసరానికి మించి బిగువుగా చేసి, ఆ ఖర్చును అతి స్వల్పం చేస్తాడు. బరువు తగ్గించాలనే తొందరలో ఆ అదనపు పదార్థాన్నే గీకివేసినప్పుడు ప్రమాదం మొదలవుతుంది. 1990 దశకంలో రంగురంగుల తేలికపాటి భాగాల మోజు ప్రబలినప్పుడు జరిగింది ఇదే. చూడముచ్చటగా చెక్కిన బ్రేకు మీటలు, పెడలు కడ్డీలు, హ్యాండిలు పట్టులు కొండ దారిలో విరిగిన సందర్భాలు అనేకం.

అట్లని ఉక్కయితే చాలు, తరతరాలు నిలుస్తుందనే నమ్మకమూ నిలవదు. 1997లో జర్మనీకి చెందిన 'టూర్' పత్రిక ఖరీదైన ఫ్రేములు కొన్నింటిని యంత్రానికి బిగించి అలసట పరీక్ష చేయించింది. అవి రోడ్డు సైకిళ్ల ఫ్రేములే అయినా ఫలితం ఆలోచింపజేసేది. పేరున్న ఉక్కు ఫ్రేములు విరిగాయి, టైటానియం ఫ్రేమూ విరిగింది. చివరిదాకా నిలిచిన వాటిలో అల్యూమినియం, కార్బన్ ఫ్రేములు ఉన్నాయి. లోహం పేరు కంటే గొట్టం ఎంత మందం, అతుకు ఎట్లా వేశారు, ఒత్తిడి ఎక్కడ పోగుపడింది అన్నవే ఆయుష్షును నిర్ణయిస్తాయి.

విరిగే తీరులో మాత్రం భేదం ఉంది, నా దృష్టిలో మన్నిక కంటే ముఖ్యమైనది అదే. ఉక్కు సాధారణంగా వంగుతుంది, కిర్రుమంటుంది, రోజుల తరబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం వెల్డింగు పక్కన వెంట్రుకంత పగులుతో మొదలై, గమనించకపోతే ఒకనాడు తెగుతుంది. కార్బన్ అంటే బొగ్గునారను జిగురుతో పొరలు పొరలుగా పేర్చినది. నార పోయిన దిశలో అది ఎంతో బలం గలది. కాని పదునైన రాయి పక్కనుండి తగిలితే లోపలి పొరలు విడిపోయి, పైన రంగు చెక్కుచెదరకుండానే ఉండవచ్చు. ఆ తరువాత ముందస్తు సూచన లేకుండా విరిగే అవకాశం ఉంది. దిగుడులో హ్యాండిలు విరగడం అంటే ముఖం రాళ్లకు కొట్టుకోవడమే. అందుకే గట్టిగా కిందపడిన తేలిక హ్యాండిలును, పైకి బాగానే కనిపించినా, మార్చివేయాలని తయారీదారులే సూచిస్తారు.

బరువు తగ్గిన ప్రతిచోటా మన్నిక తగ్గుతుందని కూడా అనుకోరాదు. స్పోకులను చూడండి. రెండు కొసల వద్ద 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8 మిల్లీమీటర్ల మందం గల స్పోకు, ఆసాంతం 2 మిల్లీమీటర్లున్న దానికంటే తేలిక, ఎక్కువ కాలమూ వస్తుంది. నడుమ భాగం రవంత సాగి కుదుపును మింగుతుంది గనుక, స్పోకులు ఎక్కువగా తెగే మెడ వంపు దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. తేలికదనం, మన్నిక ఒకే ఒరలో ఇమిడిన అరుదైన చోటు ఇది. టైరు విషయం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పలుచని టైరు అంచు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగితే ట్యూబుకు పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. పాముకాటు వలె కనిపించడం వల్ల దానికి ఆ పేరే వచ్చింది.

పందెగాళ్లు కూడా ఈ మధ్యకాలంలో తేలికదనాన్ని కొంత వదులుకున్నారు. 2012 లండన్ ఒలింపిక్ పందెంలో స్విట్జర్లాండుకు చెందిన నినో షుర్టర్, వెనుక స్ప్రింగు లేని తేలికపాటి సైకిలు తొక్కాడు. చెక్ దేశస్థుడు యారోస్లావ్ కుల్హావీ ముందూ వెనుకా కుదుపు తట్టుకునే అమరిక, 29 అంగుళాల పెద్ద చక్రాలు గల సైకిలు ఎంచుకున్నాడు. ఒకే ఒక సెకను తేడాతో కుల్హావీ గెలిచాడు. ఒక్క పందెంతో శాస్త్రం తేలదు. అయినా అప్పటి నుండి పందెపు సైకిళ్ల టైర్లు వెడల్పయ్యాయి, రెండు వైపులా స్ప్రింగులు సాధారణమయ్యాయి. దారి మధ్యలో పంక్చరైతే పోయే సమయం ముందు కొన్ని వందల గ్రాములు లెక్కలోనివి కావు. పందెగానికి మరొక వెసులుబాటు ఉంది. విరిగిన భాగం స్థానంలో కొత్తది బిగించే జట్టు అతని వెంట ఉంటుంది, బిల్లు మరొకరు చెల్లిస్తారు.

కాలిఫోర్నియా సైకిలు శిల్పి కీత్ బాంట్రేగర్ అన్నట్లుగా ఒక మాట ప్రచారంలో ఉంది. గట్టిదనం, తేలికదనం, చవక అనే మూడింటిలో రెండు మాత్రమే ఎంచుకోవాలని దాని భావం. మన సంతల్లో, పట్టణాల్లో తక్కువ ధరకు అమ్మే కొండ సైకిళ్లలో కొన్నింటికి ఈ మూడింటిలో ఒక్కటే, చవక మాత్రమే దక్కుతుంది. ముందూ వెనుకా స్ప్రింగులు బిగించి ఉంటాయి. ఆ స్ప్రింగుల వల్ల బరువు పెరుగుతుంది, తొక్కిన బలం కొంత వాటిని ఊపడానికే ఖర్చవుతుంది, కీళ్లు కొద్దికాలానికే వదులై లటలటలాడుతాయి. ఆ డబ్బుకు స్ప్రింగులు లేని మామూలు ఫోర్కు, మంచి రిమ్ములు, సరైన బ్రేకులు గల సైకిలు కొనడం ఎంతో మేలని నా అభిప్రాయం. మన మట్టిదారుల కుదుపుకు లావు టైరులోని గాలి చాలును.

కొనేముందు అడగవలసినది సైకిలు ఏ వాడకానికి తయారైనదని. ఎ.ఎస్.టి.ఎం. అనే ప్రమాణాల సంస్థ వాడకాన్ని తరగతులుగా విభజించింది. ఒకటవ తరగతి చదునైన తారుదారికి. రెండవది కంకర, మట్టిదారులకు, 15 సెంటీమీటర్ల లోపు దుముకులకు. మూడవది రాళ్లదారికి, 61 సెంటీమీటర్ల లోపు దుముకులకు. నాలుగు, ఐదు అంతకు మించిన సాహసాలకు. కొన్ని కంపెనీలు ఈ అంకెను ఫ్రేము మీద గాని, వెంట ఇచ్చే పుస్తకంలో గాని ముద్రిస్తాయి. మోయదగిన గరిష్ఠ బరువు కూడా అక్కడే ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఒ. 4210 ప్రకారం, కొండ సైకిలు ఫ్రేము 1,200 న్యూటన్ల బలంతో, అనగా పెడలు మీద దాదాపు 122 కిలోలు మోపినంత బలంతో, లక్షసార్లు తొక్కిన పరీక్షకు నిలవాలి.

మన కుటుంబాలు తప్పక ఆలోచించవలసినది మరమ్మతు. ఉక్కు ఫ్రేము చీలితే ఊరి వెల్డింగు షాపులో అతికించవచ్చు. ఆ అతుకు అందంగా లేకపోయినా పని నడుస్తుంది. అల్యూమినియం ఫ్రేముకు కర్మాగారంలో వెల్డింగు తరువాత ప్రత్యేకంగా వేడిచేసి బలం తెప్పిస్తారు. ఊరిలో అతికిస్తే ఆ బలం తిరిగి రాదు, అతుకు పక్కనే మళ్లీ తెగుతుంది. కార్బన్ మరమ్మతు మన దరిదాపుల దుకాణాల పని కాదు. ఇంట్లో అల్యూమినియం సైకిలు ఉన్నవారు నెలకొకసారి తడిగుడ్డతో తుడిచి, హ్యాండిలు వద్ద, పెడళ్ల ఇరుసు వద్ద, సీటు కింద అతుకులను వెలుతురులో పరీక్షించాలి. రంగులో సన్నని గీత కనిపించి, రోజు రోజుకు పొడవు పెరుగుతుంటే తొక్కడం ఆపాలి.

ఎదిగే పిల్లలున్న ఇంట గమనించవలసిన గీత ఇంకొకటి సీటు కడ్డీ మీద ఉంటుంది. పిల్లవాడు పొడుగయిన కొద్దీ కడ్డీని పైకి లాగుతూ పోతారు. ఆ గీత గొట్టం బయటికి కనిపించిందంటే లోపల మిగిలిన పట్టు చాలదు. పిల్లవాడి బరువంతా గొట్టం పై అంచు మీద గునపం వలె పని చేస్తుంది, ఎంత మంచి ఫ్రేమయినా అక్కడ చీలుతుంది. పొడవైన కడ్డీ వేయించాలి, లేదా ఆ సైకిలును తమ్ముడికి ఇవ్వాలి.