ఎర్రకన్ను.. నలక కాకపోవచ్చు!
మూగజీవాల కంటి ప్రెషర్ కొలిచే చేతి పరికరం.. లెక్క తెలిశాకే మందు

పూర్ణ (భివండి): సాంచాల ఊళ్లో కన్ను ఎర్రబడితే ఎవరైనా చెప్పే మాట ఒకటే.. 'నూలు దుమ్ము పడింది, నీళ్లు కొట్టు, పోతుంది' అని. మనిషికైతే చాలాసార్లు అది సరిపోతుంది. గోడౌన్ గేటు దగ్గరి కాపలా కుక్కకో, ఇంట్లో పిల్లలు ముద్దుగా పెంచుకునే బొచ్చుకుక్కకో కూడా అదే వైద్యం చేస్తే ఒక్కోసారి కన్నే పోతుంది. అదీ రెండు మూడు రోజుల్లోనే!

కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చి పద్మానగర్, కామత్‌ఘర్‌లలో స్థిరపడిన నేత కుటుంబాల్లో పశువుల సంగతి తెలియని పెద్దలు తక్కువే. కన్ను తెల్లబడితే 'పువ్వేసింది' అంటారు. ఉప్పునీళ్లు కొడతారు. అది పైన కనబడే రోగానికి. కన్ను లోపల ఏం జరుగుతుందో మాత్రం చూపుకు అందదు, చేతికీ అందదు. వేలితో నొక్కి చూసి గట్టిగా ఉందో మెత్తగా ఉందో చెప్పడం ఆరితేరిన డాక్టర్లకే కష్టం.

కన్ను ఒకటే.. రోగాలు రెండు

కంటిలో ఎప్పుడూ కొంత ద్రవం ఊరుతుంది, ఊరినంతా సన్నని దారిలో బయటికి పోతుంది. ఆ దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి వెనకనున్న నరం నలిగిపోతుంది. ఇదే నీటికాసులు, అంటే గ్లకోమా. కన్ను ఎర్రబడుతుంది, నల్లగుడ్డు నీలంగా మసకబారుతుంది, కనుపాప విచ్చుకుని ఉండిపోతుంది. నొప్పి మామూలుగా ఉండదు. నోరులేని జీవి ఏం చెబుతుంది? తిండి మానేసి మూలన పడుకుంటుంది. ఇంట్లోవాళ్లు జ్వరం అనుకుంటారు, ముసలిదైతే వయసు అనుకుంటారు.

రెండోది కన్ను లోపలి వాపు, యువియైటిస్. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరంలోనూ ఇది కనబడుతుంది. ఇందులోనూ కన్ను ఎరుపే, మసకే. కానీ ప్రెషర్ సాధారణంగా పడిపోతుంది. అదే వాపు ముదిరి ద్రవం పోయే దారిని మూసేస్తే తిరిగి నీటికాసులకు దారితీస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వాపు కన్నులో పాపను విప్పడానికి వేసే అట్రోపిన్, నీటికాసుల కన్నులో పడితే ప్రెషర్ ఇంకా పెరగొచ్చు. నీటికాసులకు వేసే లాటనోప్రోస్ట్ పాపను కుదించేస్తుంది, కటకం ముందుకు జారిన కన్నులో అది కీడే చేస్తుంది. ఒకదానికి మందు మరొకదానికి విషమన్నమాట. మెడికల్ షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ చుక్కల సంగతి సరేసరి.. నల్లగుడ్డు మీద పుండు ఉంటే దాన్ని ఇంకా లోతు చేస్తాయి.

ఆరుసార్లు తాకి..

ఈ రెంటినీ విడదీసేది ఒక్క అంకె. కుక్క కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 25 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. 25 దాటితే అనుమానించాలి. 50 దాటి అలాగే ఉంటే చూపుకు గంటల లెక్కే.

పాతకాలంలో నార్వే వైద్యుడు షియోట్జ్ 1905లో తెచ్చిన ఇనుప పరికరమే దిక్కు. దాంతో కొలవాలంటే జంతువు మూతి ఆకాశం వైపు ఎత్తి, మత్తు చుక్కలేసి, నల్లగుడ్డు మీద పరికరాన్ని నిలబెట్టాలి. కుక్క ఊరుకోవాలి కదా! ఆ తర్వాత పెన్నులాంటి టోనోపెన్ వచ్చింది. దానికీ మత్తు చుక్కలు కావాలి. ఫిన్లాండ్‌లో ఆంట్టి కోంటియోలా 1990ల్లో రూపొందించిన పద్ధతితో ఆ బెడద తీరింది. పశువైద్యానికి అదే టోనోవెట్‌గా వచ్చింది.

చేతిలో ఇమిడే యంత్రం నుంచి గుండుసూదిలాంటి పుల్ల ఒకటి ముందుకు దూకి, కొసనున్న చిన్న ప్లాస్టిక్ బొడిపెతో నల్లగుడ్డును తాకి వెనక్కి వస్తుంది. గట్టి నేల మీద బంతి చటుక్కున లేచినట్టు, ప్రెషర్ ఎక్కువున్న కన్ను నుంచి పుల్ల వేగంగా తిరిగొస్తుంది. ఆరుసార్లు తాకించి సగటు చూపిస్తుంది. కుక్క రెప్ప వాల్చేలోగా పని అయిపోతుంది. గుర్రానికి సెట్టింగ్ వేరు.

బెల్టు బిగిస్తే లెక్క తప్పు

యంత్రం ఎంత మంచిదైనా పట్టుకునే తీరు ముఖ్యం. ఇద్దరు మెడ అదిమిపట్టి, రెప్పలు గట్టిగా సాగదీస్తే మంచి కన్ను కూడా రోగం కన్నులా అంకె చూపిస్తుంది. మెడ బెల్టు లాగితే ప్రెషర్ పెరుగుతుందనీ, ఛాతీ పట్టీ లాగితే అలా పెరగదనీ 2006లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. గేటుకు గొలుసుతో కట్టేసిన కాపలా కుక్క రోజంతా ఆ గొలుసును గుంజుతూనే ఉంటుందన్న సంగతి యజమానులకు తట్టదు!

రెండో కన్ను సంగతి కూడా మరవొద్దు. కాకర్ స్పానియల్, బీగిల్, హస్కీ వంటి జాతుల్లో ఈ రోగం పుట్టుకతోనే పొంచి ఉంటుంది. ఒక కన్ను పోయిన కుక్కల్లో మందు వేయకుంటే రెండోది సగటున ఎనిమిది నెలల్లో, ముందుగానే చుక్కలు వేస్తే రెండున్నరేళ్లకు జబ్బు పడిందని 2000లో అమెరికా వైద్యులు లెక్క తేల్చారు. కాబట్టి బాగున్న కన్నునూ కొలిపించాలి.

భివండి వాళ్లకు పెద్దాస్పత్రి అంటే ముంబైనే. పరేల్‌లో 1886లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది. మహాలక్ష్మిలో టాటా ట్రస్ట్స్ చిన్న జంతువుల ఆస్పత్రి 2024లో తెరిచింది. సెలవులకు ఊరెళ్లినవాళ్లకు రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలలున్నాయి. ఎక్కడికెళ్లినా బయల్దేరేముందు ఫోన్‌లో 'కంటి ప్రెషర్ చూస్తారా, ఇవాళ డాక్టరుంటారా' అని అడగడం మేలు. మెడ బెల్టు తీసి ఛాతీ పట్టీ వేయాలి. అప్పటికే ఏదైనా చుక్కలు వేసి ఉంటే ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లాలి.