వెలలేని పండుగ

డిసెంబరు మాసము వచ్చినది. రాజధానిలోని అంగళ్లు దీపములతో వెలుగుచున్నవి. క్రీస్తుజయంతి ఏ మతస్థులదైనను, దాని పేర జరుగు బేరము మాత్రము అందరిదైనది. ఉద్యోగములకై ఇచ్చట చేరిన బళ్లారి సీమ సోదరులలో పలువురు, ఊరికి పోవుటకు ముందు కొనవలసిన వస్తువుల పట్టికలు వ్రాయుచున్నారు. సొమ్ము చాలనివారు అప్పునకైనను సిద్ధపడుచున్నారు. ఉత్తచేతులతో ఇల్లు చేరుట ఎట్లను సంకోచమే ఇందులకు కారణము. ఆ సంకోచము అనవసరమని మేము మనవి చేయుచున్నాము.

లూకా సువార్త ప్రకారము ఈ జననవార్త మొదట అందినది రాత్రివేళ పొలములో మంద కాయుచున్న కాపరులకు. బళ్లారి సీమవారికి ఈ దృశ్యమును వర్ణింపనక్కరలేదు. కోత ముగిసిన చేలలో మంద విడియుటయు, కురుబలు కంబళి కప్పుకొని చలిలో జాగరము చేయుటయు వారెరిగినవే. ఆ కాపరులు పసిబిడ్డకు ఏమి తెచ్చిరో సువార్త చెప్పదు. త్వరపడి వచ్చి చూచిరని మాత్రము చెప్పినది. బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చిన జ్ఞానుల కథ మత్తయి వ్రాసినది. అంగళ్లవారు జ్ఞానులను జ్ఞాపకముంచుకొని కాపరులను మరచిరి.

ధనము చేయు పండుగ ఎట్టిదో ఈ సీమ ఒకప్పుడు చూచినది. 1876లో వానలు లేక ధాత కరువు వచ్చినది. మద్రాసు ప్రెసిడెన్సీలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి యొకటి. ఆ యేటి క్రీస్తుజయంతి గడచిన వారమునకే, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టను ప్రభువు ఢిల్లీలో మహాదర్బారు జరిపి, విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించెను. అచ్చట విందులకు లోటు లేదు. ఆ వెంటనే కరువుపనులలో కూలి తగ్గించి, పురుషునికి దినమునకు పౌను ధాన్యమును, కొద్ది చిల్లరయు చాలునని నిర్ణయించిరి.

అదే కరువున, అదే ప్రెసిడెన్సీ తూర్పుతీరమున, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. అయినను సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. కూటికై మతములో చేరువారుందురేమో యని ఆయన శంక. అటుపిమ్మట 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మతాంతరము యొక్క మంచిచెడ్డలు వేరు చర్చ. అన్నమునకు విశ్వాసమును వెలగా అడుగరాదను ఆ నియమము మాత్రము ఏ మతస్థునికైనను గ్రహింపదగినది. అట్లే వాత్సల్యమునకు వస్తువును వెలగా చెల్లింపవలెనని ఇంటివారును అడుగరు.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరులోను, ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రములోను చేరినవి. సరిహద్దునకు ఏ వైపున నున్నను, తల్లి ఎదురుచూచునది బిడ్డకొరకే. కావున సోదరులారా, అప్పుచేసి కొనదలచినవానిని పట్టికనుండి కొట్టివేయుడు. ఉన్న సొమ్ములో కొంత, ఊరిలో పొయ్యి వెలుగని ఒక ఇంటికి, పేరు చెప్పక పంపుడు. వీలైనచో రెండు దినములు ముందుగా బయలుదేరుడు.