కృంగిన ప్రాణమునకు పాట ఎందుకు?

నేటి ధ్యానము కొరకు మీ బైబిలులో 42, 43 కీర్తనలు తెరచి ఉంచుకోండి.

సంఘాల్లో సేవకులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “అయ్యగారూ, మా అమ్మాయి రెండు మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. మందిరానికి వస్తుంది గాని నోరు తెరచి పాడదు. విశ్వాసము పోయిందేమో, ప్రార్థన చేయండి.” తల్లిదండ్రుల బాధ నిజమైనదే. కాని పాడకపోవడము విశ్వాసము లేకపోవడమేనా? దుఃఖమును జయించినవాడంటే ఎప్పుడూ నవ్వుతూ, చప్పట్లు కొడుతూ ఉండేవాడేనా? ఈ రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకొని వాక్యము చూద్దాం.

42, 43 కీర్తనలు మన బైబిలులో రెండుగా కనిపిస్తాయి గాని, ఇవి ఒకే పాట అని చాలామంది పండితుల అభిప్రాయం. ఎందుకంటే 42:5లోను, 42:11లోను, 43:5లోను ఒకే పల్లవి మూడుసార్లు వస్తుంది. ఆ పల్లవిలో కీర్తనకారుడు మాట్లాడేది దేవునితో కాదు, శత్రువులతోనూ కాదు, తన ప్రాణముతోనే. ఎందుకు ఇంతగా కృంగిపోయావని దాన్ని అడుగుతున్నాడు. దేవుని కొరకు కనిపెట్టుకొమ్మని చెబుతున్నాడు. అయితే మొదటిసారి చెప్పగానే ప్రాణము తేరుకున్నదా? లేదు. ఆ వెంటనే 6వ వచనంలో తన ప్రాణము కృంగియున్నదని మళ్లీ ఒప్పుకుంటున్నాడు. రెండవసారి చెప్పాడు. 43వ కీర్తన మొదట్లో మళ్లీ అదే మొర. మూడవసారి చెప్పాడు. పల్లవి పని అదే కదా! చరణము మనలను ఎక్కడికి లాక్కొనిపోయినా తిరిగి ఒకచోటికి తెచ్చి నిలబెడుతుంది. సంగీతము తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఇప్పుడు విలాపవాక్యముల గ్రంథము చూడండి. యెరూషలేము కాలిపోయింది. పిల్లలు ఆకలితో వీధుల్లో పడిపోయారు. అంతటి దుఃఖంలో వ్రాసిన ఆ గ్రంథంలో ఒక విచిత్రమున్నది. ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో సరిగ్గా 22 వచనాలున్నాయి. హెబ్రీ భాషలో అక్షరాలు 22. ఒక్కొక్క వచనము ఒక్కొక్క అక్షరముతో వరుసగా మొదలవుతుంది. మన భాషలో చెప్పాలంటే అ, ఆ, ఇ, ఈ అని వరుస తప్పకుండా ఏడ్చినట్టన్నమాట. మూడవ అధ్యాయంలో అక్షరానికి మూడు వచనాల చొప్పున 66. తెలుగు తర్జుమాలో ఆ అక్షరాల వరుస కనిపించదు గాని వచనాల లెక్క మాత్రం మీరే సరిచూసుకోవచ్చు.

ఇదేమిటి, దుఃఖంలో ఉన్నవాడికి అక్షరాల వరుస గుర్తుంటుందా అని కొందరు అడుగుతారు. ఆలోచించండి. అంతులేని దుఃఖము మనిషిని ముంచేస్తుంది. దానికి మొదలు లేదు, చివర లేదు. ఆ ప్రవాహానికి ఇరువైపులా గట్టు కట్టినట్టుగా ఆ కవి 22 అక్షరాలు పెట్టుకున్నాడు. ఈ వచనంలో ఇంత ఏడుస్తాను, తరువాతి వచనంలో మరికొంత, చివరి అక్షరము వచ్చేసరికి ఆగుతాను. కళ చేసే సహాయము ఇదేనని నా ఉద్దేశము. బాధను అది తీసివేయదు, దాచిపెట్టదు. ఆ బాధకు ఒక ఆకారమిస్తుంది. ఆకారము వచ్చినది గనుకనే దాన్ని రెండు చేతులతో పట్టుకొని దేవుని ఎదుట పెట్టగలుగుతాము. ఐదవ అధ్యాయంలో కూడా 22 వచనాలే, కాని అక్కడ అక్షరాల వరుస లేదు. గ్రంథము ముగిసేది కూడా దేవునికి వేసిన ఒక ప్రశ్న లాంటి మొరతోనే. ఆ కవి దుఃఖము అప్పటికి తీరలేదు. అయినా దేవుడు ఆ గ్రంథాన్ని తన వాక్యములో ఉండనిచ్చాడు.

88వ కీర్తన ఇంకా గడుసైనది. ఎజ్రాహీయుడైన హేమాను వ్రాసినది. మిగతా విలాప కీర్తనల్లో ఎక్కడో ఒకచోట వెలుగు కనబడుతుంది. 13వ కీర్తన ఆరే వచనాలు, ఏడుపుతో మొదలై పాటతో ముగుస్తుంది. హేమాను కీర్తనలో ఆ మలుపు లేనే లేదు. హెబ్రీలో దాని ఆఖరి మాట చీకటి. కాని పైన వ్రాసియున్న శీర్షిక చదవండి, అది ప్రధాన గాయకునికి అప్పగించిన పాట. అంటే ఒంటరిగా గదిలో వ్రాసి దాచుకున్నది కాదు, దేవుని ప్రజలు కలిసి పాడవలసినది. మన సంఘాల్లో దాన్ని చివరిసారిగా ఎప్పుడు చదివారో గుర్తు చేసుకోండి.

పాట మందు వంటిదని మనకు తెలుసు. సౌలు రాజు విషయంలో దావీదు సితారా వాయించగా అతనికి సేద కలిగిందని 1 సమూయేలు 16:23లో చదువుతాము. కాని 18వ అధ్యాయంలో అదే దావీదు, అదే సితారా, సౌలు చేతిలో మాత్రం ఈటె! మందు కూడా ప్రతిసారీ ఒకేలా పనిచేయదు. సామెతలు 25:20 ఈ సంగతిని ఇంకా సూటిగా చెబుతుంది. మనోదుఃఖము గలవాని ఎదుట పాటలు పాడటము చలిలో ఉన్నవాని పైబట్ట తీసివేసినట్టు అని దాని భావము. బబులోనులో చెరగా ఉన్నవారిని సీయోను పాట పాడమని అడిగితే వారు తమ సితారాలు చెట్లకు తగిలించి పాడలేమన్నారు. 137వ కీర్తన ఆ సంగతే. అయితే చూడండి, పాడలేమన్న ఆ మాటే ఒక పాటగా మనకు మిగిలింది. ఆదరణ కూడికలకు వెళ్లే గాయక బృందాలు ఈ రెండు వాక్యాలు చదువుకొని వెళితే మంచిది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు డప్పులు, కీబోర్డు పెట్టి హుషారైన పాటలు పాడటము నాకు ఎన్నడూ నచ్చలేదు.

ఇక ఒక మనిషి జీవితము చెబుతాను. ఆయన పేరు విలియం కూపర్. 1731లో ఇంగ్లాండులో ఒక పాదిరిగారి ఇంట పుట్టాడు. ఆరేళ్ల వయసులో తల్లి చనిపోయింది. ఇరవై ఏళ్లు దాటిన కొత్తలో, లండనులో న్యాయశాస్త్రము చదువుకునే రోజుల్లో, మొదటిసారి తీవ్రమైన మానసిక కృంగుదల వచ్చింది. అప్పుడు ఆయన జార్జ్ హెర్బర్ట్ అనే భక్తుని పద్యాలు చదువుకుంటూ కొంత ఊరట పొందాడు. దగ్గరి బంధువొకరు మాత్రం అవి చదివితే దిగులు ఇంకా పెరుగుతుందని మాన్పించారు. నేటికీ ఇటువంటి బంధువులు మన ఇళ్లలో ఉన్నారు!

1763లో పార్లమెంటులో ఒక ఉద్యోగానికి నలుగురి ఎదుట పరీక్షకు నిలబడవలసి వచ్చింది. ఆ భయము పెరిగి పెరిగి ఆయన ప్రాణము తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్ అనే ఊరిలో డాక్టర్ కాటన్ నడిపే మానసిక వైద్యశాలలో చేర్చారు. ఆ డాక్టరు విశ్వాసి. ఆ వైద్యశాలలోనే 1764లో రోమా 3:25 చదువుతుండగా క్రీస్తు రక్తము వలని క్షమాపణ కూపర్‌కు అర్థమైంది. వైద్యుడు, వాక్యము ఒకే ఇంటిలో ఆయనకు దొరికారు. ఈ మాట దయచేసి గుర్తుంచుకోండి.

1767లో ఆయన ఓల్నీ అనే చిన్న ఊరికి వచ్చాడు. అక్కడ పాదిరి జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల ఓడకు నాయకుడుగా ఉండి ప్రభువును తెలుసుకున్నవాడు. వీరిద్దరూ ప్రార్థన కూటముల కొరకు కీర్తనలు వ్రాయడం మొదలుపెట్టారు. ఓల్నీలో ఎక్కువమంది లేసు అల్లుకొని బ్రతికే పేదలు. వారికి అర్థమయ్యే మాటల్లో వ్రాయాలని న్యూటన్ పట్టుదల. కాని 1773 జనవరిలో కూపర్‌కు జబ్బు తిరగబెట్టింది. దేవుడు తనను విడిచిపెట్టేశాడని ఒక కల వచ్చింది. దేవుని మార్గాలు మర్మమైనవని చెప్పే ఆయన ప్రసిద్ధ కీర్తన ఆ చీకటి మొదలయ్యే రోజులదే. ఆ సంవత్సరము తరువాత కూపర్ మందిరంలో మళ్లీ ఆరాధనకు కూర్చోలేదు. 1779లో ఓల్నీ కీర్తనల పుస్తకము అచ్చయినప్పుడు 348 కీర్తనల్లో కూపర్‌వి 70కి లోపే. స్నేహితుని వ్యాధి వలననే అవి తక్కువయ్యాయని న్యూటన్ ముందుమాటలో వ్రాశాడు. వ్యాధి అని వ్రాశాడు, అవిశ్వాసము అని వ్రాయలేదు.

1773లో కూపర్‌ను న్యూటన్ తన ఇంటికే తెచ్చుకొని సంవత్సరానికి పైగా ఉంచుకున్నాడు. మేరీ అన్విన్ అనే విధవరాలు తల్లిలాగా సేవ చేసింది. 1774లో పొరుగువారు ఒక కుందేలు పిల్లను తెచ్చి ఇచ్చారు. క్రమంగా మూడు కుందేళ్లయ్యాయి. కూపర్ వాటికి పెట్టెలు తానే చేశాడు, తోటపని చేశాడు, బొమ్మలు గీశాడు. చేతికి పని దొరికినప్పుడు మనసు కొంత నిలబడేదని ఆయన ఉత్తరాలు చదివినవారికి తెలుస్తుంది. 1782లో ఒక స్నేహితురాలు ఆయన దిగులు పోగొట్టాలని జాన్ గిల్పిన్ అనేవాని గుర్రపు స్వారీ కథ చెప్పింది. ఆ రాత్రి నవ్వుకొని నవ్వుకొని, దాన్నే హాస్య గేయంగా వ్రాశాడు. ఇంగ్లాండంతా నవ్వింది.

మరి ఆయన జయించాడా? లోకము కోరే ముగింపు ఈ కథకు లేదు. చనిపోవడానికి ముందు సంవత్సరము, 1799లో, నడిసముద్రములో ఓడనుండి పడిపోయిన నావికుని గూర్చి ఒక పద్యము వ్రాశాడు, ఆ నావికునికంటే తన స్థితి ఘోరమని ముగించాడు. 1800 ఏప్రిల్‌లో మరణించాడు. భక్తి వలననే ఆయనకు మతి చెడిందని కొందరు వ్రాశారు. అది నిజము కాదు, మొదటి కృంగుదల ఆయన మారుమనస్సుకు పదేళ్ల ముందటిది. నేను చెప్పగలిగినది ఇంతే: తన రక్షణను తాను చూడలేని మనిషి వ్రాసిన పాటలతో రెండున్నర శతాబ్దాలుగా లక్షలమంది తమ రక్షణను గూర్చి పాడుతున్నారు. సంఘము ఆయన కొరకు నమ్మింది. 88వ కీర్తన ప్రధాన గాయకుని చేతికి ఎందుకిచ్చారో ఇప్పుడు అర్థమవుతుంది.

పాట ఒక్కటే కాదు, చిత్రమూ అంతే. రేడియోలో బొమ్మ చూపించలేను గనుక మాటలతో చెబుతాను. హాలెండు చిత్రకారుడు రెంబ్రాంట్ యవ్వనంలో, 1635 ప్రాంతంలో, ఒక చిత్రము వేశాడు. మద్యశాలలో తప్పిపోయిన కుమారుడు ఒడిలో స్త్రీని పెట్టుకొని, గ్లాసు పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ కుమారుని ముఖము రెంబ్రాంట్‌దే, ఆ స్త్రీ ఆయన భార్య సాస్కియా. తరువాత ముగ్గురు బిడ్డలు పసితనంలోనే పోయారు. 1642లో సాస్కియా చనిపోయింది. 1656లో అప్పులతో దివాలా తీశాడు, ఇల్లు, సామాను వేలమైపోయాయి. 1668లో మిగిలిన కుమారుడు టైటస్ కూడా మరణించాడు. ఆ చివరి సంవత్సరాల్లో రెంబ్రాంట్ మళ్లీ లూకా 15వ అధ్యాయానికే వచ్చాడు. ఈసారి మద్యశాల లేదు. గుండు చేయించుకున్నట్టున్న తల, అరిగిన చెప్పు, బయటపడిన పాదము, తండ్రి గుండెలో దాచుకున్న ముఖము. చూసేవారికి కుమారుని వీపే కనిపిస్తుంది. దానిమీద వృద్ధుడైన తండ్రి రెండు చేతులు. ఆ చిత్రము నేడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. 1669లో రెంబ్రాంట్ చనిపోయాడు.

మన భాషలో ఇటువంటివి లేవా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరవండి, ప్రతి పాత కీర్తన పైన రాగము, తాళము వేసి ఉంటాయి. క్రీస్తు శ్రమలను గూర్చిన కీర్తనలను ఆ రాగంలోనే, నిదానంగా పాడి చూడండి. కీబోర్డు వేగానికి లాగితే ఆ ఏడుపు పోతుంది. గుర్రం జాషువా గారు 1941లో గబ్బిలము కావ్యము వ్రాశారు. గుడిలో అడుగు పెట్టనియ్యని మనిషి, గుడిలోకి వెళ్లగలిగే గబ్బిలముతో తన మొర చెప్పి పంపుతాడు. అవమానమునకు ఆయన ఇచ్చిన ఆకారమది.

అన్నిటికన్న పైగా మన ప్రభువును చూడండి. గెత్సేమనేకు బయలుదేరక ముందు ఆయనయు శిష్యులును కీర్తన పాడారని మత్తయి 26:30 చెబుతుంది. పస్కా భోజనము తరువాత 115 నుండి 118 వరకు గల కీర్తనలు పాడటము యూదుల ఆచారము. మరునాడు సిలువపై, ఊపిరి అందని వేళ, ఆయన కొత్త మాటలు వెదకలేదు. 22వ కీర్తన మొదటి మాటనే, తన పితరుడైన దావీదు పాటనే, అరువు తీసుకున్నట్టుగా పలికాడు. దేవుని కుమారుడే దుఃఖములో ఇంకొకరు వ్రాసిన పాటను ఆశ్రయించాడంటే, మన బిడ్డ నోట మాట రానప్పుడు పక్కన నిలబడి ఆమె బదులు మనము పాడితే తప్పేముంది?

కాబట్టి తల్లిదండ్రులారా, ఆ అమ్మాయిని పాడమని బలవంతము చేయకండి. ఆమె పక్కన కూర్చోండి. నోటుపుస్తకము, రంగులు, కుట్టుపని, హార్మోనియం, ఆమె చేతికి ఏది అలవాటైతే అది అందుబాటులో ఉంచండి. నిద్ర, ఆకలి పోయి వారాలు గడిచితే, చావు మాటలు మాట్లాడితే, ఆలస్యము చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకొనివెళ్లండి. కూపర్‌కు డాక్టర్ కాటన్‌ను ఇచ్చిన దేవుడే మనకు వైద్యులనిచ్చాడు. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు చెల్లించనక్కరలేదు.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో 88వ కీర్తన ఒకరు చదవండి, మిగిలినవారు వినండి. చదివిన తరువాత వివరణ చెప్పకుండా కాసేపు మౌనంగా ఉండండి. వచ్చే ప్రసంగంలో విలాపవాక్యములు మూడవ అధ్యాయము ధ్యానిద్దాం. అంతవరకు ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.