నీడ బండ్లకు, ఎండ మనుషులకు

మే నెలలో హైదరాబాద్‌లో 41 డిగ్రీలు అని టీవీలో చెప్పారంటే అది నీడలో కొలిచిన లెక్క. బేగంపేటలో గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో ఉన్న థర్మామీటర్ చెప్పే మాట అది. రాంనగర్ చేపల మార్కెట్ నుంచి సంచి మోసుకుంటూ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు నడిచే మనిషి ఆ పెట్టెలో లేడు. పైనుంచి సూర్యుడు, కిందనుంచి తారు, పక్కనుంచి కాలిన షట్టర్, ఆగిన బస్సు ఇంజను, ఏసీ వదిలే సెగ... అన్నీ అతని ఒంటి మీదికే వస్తాయి. వేపచెట్టు కింద గాలి వేడి పెద్దగా తగ్గదు. అయినా అక్కడికి చేరగానే ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే నెత్తిన పడే ఎండ ఆగిపోతుంది.

నీడ ఎక్కడ పడుతుందన్నదే ఇక్కడ అసలు సంగతి. ఏటా మే 9 ప్రాంతంలో, మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడే ఉండదు. ఆ రోజుల్లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ పక్కన నడిచినా మిట్టమధ్యాహ్నం దాని నీడ మనకు అందదు. ఉత్తర దక్షిణాలుగా ఉన్న గల్లీలు కొంత నయం. పొద్దున తూర్పు గోడ వెంట, సాయంత్రం పడమటి గోడ వెంట నడవొచ్చు. తూర్పు పడమరల గల్లీలో ఆ వెసులుబాటూ లేదు, సూర్యుడు పొద్దస్తమానం గల్లీ వెంబడే నడుస్తాడు. పన్నెండు నుంచి రెండు దాకా ఏ గల్లీలోనైనా తలపైన ఏదో ఒకటి ఉండాల్సిందే: చెట్టో, చజ్జానో, దుకాణం ముందు కట్టిన పరదానో.

తలపైకి పెద్ద కప్పులు రెండు రానే వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మొదలైంది. 2023 ఆగస్టులో ఇందిరాపార్క్ నుంచి వీఎస్టీ దాకా, దాదాపు 450 కోట్ల రూపాయలతో, నాయిని నర్సింహారెడ్డి పేరిట స్టీల్ బ్రిడ్జి తెరిచారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అది మెట్రోను కూడా దాటుకుని పైనుంచి పోతుంది. బండి మీద వెళ్లేవాళ్లకు ట్రాఫిక్ తిప్పలు తగ్గాయి, కాదనను. కానీ మిట్టమధ్యాహ్నం వాటి నీడ ఎక్కువగా పడేది రోడ్డు నడుమ, బండ్ల మీదే. అంచున నడిచేవాడికి మిగిలింది ఎండా, హారన్లూ.

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వచ్చే గ్రూప్స్ అభ్యర్థులు హాస్టల్‌కూ మెస్‌కూ తిరిగేది సరిగ్గా ఆ ఎండలోనే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లూ ఆ వేళకే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తుంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, వీళ్ల పని మాత్రం ఆగదు.

ఇక ఫుట్‌పాత్. కనీసం 1.8 మీటర్లు అడ్డు లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. అడ్డు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టూ అన్నది. రాంనగర్ గుండు నుంచి అడిక్‌మెట్ వైపు నడిచి చూస్తే ఎక్కడికక్కడ బైకులు, ట్రాన్స్‌ఫార్మర్, మొదలు చుట్టూ సిమెంటు పోసిన చెట్టు. వేర్లకు నీళ్లు దిగకపోతే ఆ చెట్టు మాత్రం ఎన్నాళ్లు నీడనిస్తుంది? ఇంకో విడ్డూరం, కరెంటు తీగలకు తగులుతున్నాయని కొమ్మలు కొట్టేది వానలకు ముందు, అంటే నీడ ఎక్కువ అవసరమైన వేసవిలోనే. గాలివానకు తీగలు తెగకూడదన్నది న్యాయమే. అయితే చలికాలం చివరే ఆ పని చేసుకుంటే మే నెల నాటికి కొత్త చిగుళ్లు వచ్చేస్తాయి.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తారు. మంచిదే, కానీ అది పోయాక వచ్చే సాయం. బతికున్నవాళ్లకు కావాల్సింది నీడ. ఇవాళ నాటిన కానుగ నీడనివ్వడానికి కొన్నేళ్లు పడుతుంది, ఈలోగా దిక్కు దుకాణాల పరదాలే. ఆక్రమణల తొలగింపు డ్రైవ్ వస్తే ముందు పీకేది వాటినే. ఫుట్‌పాత్ మీద సరుకు పరిస్తే తీయించాల్సిందే. తలకు తగలకుండా 2.2 మీటర్ల పైన కట్టిన పరదాను మాత్రం వదిలేయొచ్చు, రోడ్స్ కాంగ్రెస్ అడిగే ఎత్తు అంతే.